అమ్మ కడుపులో పాపాయి



మేముండేది పంజాగుట్టలో. మా పైవాటాలో పదేళ్ళ కుర్రవాడొకడు ఉన్నాడు. సాయంత్రమయ్యేసరికి బంతి పుచ్చుకుని, మెట్లు దడదడలాడిస్తూ కిందికి దిగుతాడు. ఈ మధ్య రెండు రోజులు ఆ చప్పుడే లేదు. మూడోనాడు మెల్లిగా వచ్చి, నా కుర్చీ పక్కన నిలబడి, "తాతగారూ, కడుపులో ఉన్న పాపకు దెబ్బ తగిలితే ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు.

నెమ్మదిగా అడిగితే సంగతి బయటపడింది. వాళ్ళమ్మకు ఐదో నెల. వీడు మెట్లమీద పరుగెత్తుకుంటూ వచ్చి అమ్మ పొట్టకు తల తగిలించాడు. అమ్మ నవ్వి ఊరుకున్నది. కాని చూసినవారెవరో, "పాపకు ఏమైనా అయితే ఆ పాపం నీదే!" అన్నారట. నాటినుంచి వాడికి అన్నం సయించటం లేదు.

నేను ముప్పైయేళ్ళు సైన్సు పాఠాలు చెప్పాను. బిడ్డ పుట్టుకను గురించిన పాఠం రాగానే, "ఇది ఇంటివద్ద చదువుకోండి" అని పేజీలు తిప్పేసేవాణ్ణి. ఇంటివద్ద ఎవరూ చెప్పరని నాకు తెలుసు. ఆ బాకీ ఆ సాయంత్రం కొంత తీర్చుకున్నాను. మిగిలినది ఇప్పుడు మీకు తీరుస్తున్నాను. మీ అమ్మనూ నాన్ననూ కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ముందు మా ఆవిడకు చెప్పకుండా వంటింట్లోనుంచి రెండు కోడిగుడ్లు తెచ్చాను. మూతగల డబ్బాలు రెండు తీసుకుని, ఒక దానిలో వట్టి గుడ్డు పెట్టి ఊపాను. గుడ్డు చితికిపోయింది. రెండో డబ్బాలో గుడ్డు పెట్టి, అంచుదాకా నీళ్ళు పోసి, మూత బిగించి ఊపాను. గుడ్డుకు ఏమీ కాలేదు. అమ్మ కడుపులో పాపాయి చుట్టూ కూడా ఒక నీటిసంచి ఉన్నది. ఆ నీటిని ఉమ్మనీరు అంటారు. దాని చుట్టూ గర్భాశయపు దళసరి గోడ, ఆపైన అమ్మ పొట్టకండరాలు. ఇన్ని కోటలు దాటి చిన్న దెబ్బ లోపలికి పోలేదు. అయితే, గట్టి దెబ్బ తగిలినా, కడుపులో నొప్పి వచ్చినా ఇంట్లో దాచకుండా వెంటనే డాక్టరుగారికి చెప్పాలి.

ఇక ఆ పాపాయి ఎక్కడినుంచి వచ్చింది? అమ్మలో ఒక అండం ఉంటుంది. అది మిల్లీమీటరులో పదోవంతు, అనగా పెన్సిలు ముల్లుతో పెట్టిన సన్నటి చుక్కంత. నాన్ననుంచి వచ్చిన బీజకణం దానితో కలిసి ఒకే కణమవుతుంది. అమ్మ పోలికలు సగం, నాన్న పోలికలు సగం అప్పుడే అందులో రాసిపెట్టి ఉంటాయి. ఆ ఒక్కటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. చదరంగపు గళ్ళలో వడ్లగింజలు రెట్టింపు చేసుకుంటూ పోయిన కథ మీకు తెలుసు గదా! వారం తిరిగేసరికి ఆ కణాల ముద్ద గర్భాశయపు గోడకు అతుక్కుని, అక్కడ వేళ్ళూనుకుంటుంది.

మూడోవారంలో ఆ ముద్ద వెన్నుమీద ఒక గాడి పడుతుంది. తమలపాకు చుట్టినట్లు గాడి అంచులు రెండూ పైకి లేచి, ఒకదానినొకటి కలుసుకుని గొట్టమవుతాయి. ఒక కొస ఉబ్బి మెదడవుతుంది, మిగతాది వెన్నుపాము. ఇదంతా ఇరవైయెనిమిది రోజులలో ముగిసిపోతుంది. అప్పటికి పాపాయి బియ్యపుగింజంత. చిత్రమేమంటే, తాను తల్లి కాబోతున్న సంగతి చాలామంది అమ్మలకు అప్పటికింకా తెలియనే తెలియదు!

ఈ గొట్టం సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్నులో లోపం మిగిలిపోతుంది. సరిగా మూసుకోవటానికి సాయపడేది ఫోలిక్ ఆమ్లం అనే విటమిను. దీని కథలో మన తెలుగువాడొకడు ఉన్నాడు. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, గర్భిణీ స్త్రీలు నెత్తురు తగ్గి పాలిపోవటం చూసి, ఈస్టుతో చేసిన మార్మైట్ అనే పదార్థం పెడితే వాళ్ళు కోలుకుంటారని కనిపెట్టింది. అందులో ఏమున్నదో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుంచి అలాంటి పదార్థం కాస్త తీసి, ఆకునుంచి వచ్చింది కాబట్టి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు. ప్రతిసారీ నాలుగు టన్నుల పాలకూర ఎవరు తెస్తారు?

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అప్పటికి అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో ఉన్నారు. ఆయన అన్నదమ్ములలో ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బుకు ఇచ్చే మందులలో ఫోలిక్ ఆమ్లం ఒకటి. 1945లో ఆయన బృందం దానిని ప్రయోగశాలలోనే తయారుచేసింది. 1948లో ఆయన పోయారు. బిడ్డ వెన్నుకు ఆ మందు ఎంత మేలు చేస్తుందో తెలిసింది 1991లో. అంతకుముందు అలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు, గర్భం రాకముందునుంచే ఏడు దేశాలలో ఆ మాత్రలు ఇచ్చి చూస్తే, ఆ లోపం నూటికి డెబ్బైవంతులు తగ్గిపోయింది. మన ఎర్రగడ్డ రైతుబజారులో దొరికే తోటకూర, పాలకూర, పెసలు, శెనగలలో కూడా ఆ విటమిను ఉన్నది. అయినా ఆ మాత్రలు డాక్టరు చెప్పినట్లు వేసుకోవలసిందే.

మూడు వారాలు దాటగానే గుండె కొట్టుకోవటం మొదలవుతుంది. చేతులు మొదట పడవ తెడ్లలా ఉంటాయి. శిల్పి రాయి తొలిచినట్లు, వేళ్ళ సందులలోని కణాలు రాలిపోయి వేళ్ళు విడిపడతాయి. పెదవి రెండువైపులనుంచి వచ్చి నడుమ కలుస్తుంది. ఒక్కొక్కప్పుడు కలవదు. దానినే మనవాళ్ళు గ్రహణమొర్రి అన్నారు. గ్రహణానికీ దానికీ ఏ సంబంధమూ లేదు, తల్లి తప్పు అసలే కాదు. శస్త్రచికిత్సతో దాన్ని చక్కగా సరిచేస్తారు. ఎనిమిది వారాలకు పాపాయి ఉసిరికాయంత!

ఇక్కడ మా కుర్రవాడు, "మా అమ్మ అన్నం తింటే పాప నెత్తిన పడదా?" అన్నాడు. పడదు. తిన్నది పోయేది జీర్ణకోశంలోకి, పాపాయి ఉండేది గర్భాశయంలో. రెండూ వేరు గదులు. అన్నం అరిగి అమ్మ నెత్తురులో కలుస్తుంది. అది మాయ దగ్గరికి వస్తుంది. మాయ ఒకవైపు గర్భాశయానికి అంటుకుని ఉంటుంది, రెండోవైపునుంచి మూరెడు పైచిలుకు బొడ్డుతాడు పాపాయికి పోతుంది. అక్కడ తల్లి నెత్తురూ బిడ్డ నెత్తురూ కలవవు. సన్నటి తెరకు అటూ ఇటూ పారుతూ, ఇవ్వవలసినవి ఇచ్చి, పుచ్చుకోవలసినవి పుచ్చుకుంటాయి. ఆహారం, ప్రాణవాయువు ఇటు, మాలిన్యం అటు. మీ బొడ్డు ఆ తాడు గుర్తే.

ఐదో నెలలో పాపాయి జానెడు పొడుగు, సుమారు మూడువందల గ్రాముల బరువు. వేలిముద్రలు ఏర్పడి ఉంటాయి. బొటనవేలు చీకుతుంది, ఎక్కిళ్ళు కూడా వస్తాయి. కనురెప్పలు మటుకు ఇంకా అతుక్కునే ఉంటాయి. మరి లోపల చీకటే గదా, తొందరేమున్నది!

ఇవన్నీ ఎవరు చూశారంటారా? 1958లో గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరు, ఇనుములో పగుళ్ళు పట్టే యంత్రంలాంటి దానితో కడుపులోనికి శబ్దతరంగాలు పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనితో బొమ్మ తీశాడు. అదే నేటి స్కానింగు. పుట్టబోయేది ఆడపిల్లో మగపిల్లవాడో చెప్పమని అడగటమూ, చెప్పటమూ నేరమని 1994లో మన పార్లమెంటు చట్టం చేసింది. ఆడపిల్ల అంటే వద్దనుకునే ఇళ్ళు ఉండబట్టి ఆ చట్టం రావలసి వచ్చింది.

సుభద్ర కడుపులో అభిమన్యుడు పద్మవ్యూహం విన్న కథ మీకు తెలిసిందే. వ్యూహాల సంగతి ఎలా ఉన్నా, ఆరో నెల చివరకు బిడ్డకు చప్పుళ్ళు వినపడటం నిజం. 1980లో డీకాస్పర్, ఫైఫర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు పుట్టి మూడు రోజులైనా కాని పసివాళ్ళను పరీక్షించారు. నోటిలోని తిత్తిని ఒక తీరుగా చీకితే అమ్మ గొంతు, మరో తీరుగా చీకితే వేరొకామె గొంతు వినిపించేట్లు అమర్చారు. పసివాళ్ళు అమ్మ గొంతు వినిపించే తీరునే పట్టుకున్నారు.

ఊపిరితిత్తులు అన్నిటికన్నా ఆలస్యంగా సిద్ధమవుతాయి. నెలలు నిండక పుట్టిన బిడ్డ ఊపిరికి అవస్థపడేది అందుకే. పుట్టి కేరుమన్నప్పుడు మొదటిసారి గాలి లోపలికి పోతుంది. గుండెలోని రెండు గదుల నడుమ అంతవరకు తెరిచి ఉన్న చిన్న తలుపు అప్పుడు మూసుకుంటుంది.

ఆ వారంలోనే వాళ్ళమ్మ స్కానింగుకు వెళ్ళి వచ్చింది. అంతా బాగున్నదని డాక్టరమ్మ చెప్పింది. సాయంత్రం మెట్లమీద మళ్ళీ దడదడ మొదలైంది. ఇప్పుడు ఏడో నెల. రోజూ రాత్రి కుర్రవాడు అమ్మ పక్కన కూర్చుని, పాపకు వినపడేట్లు ఎక్కాలు చదువుతున్నాడు. నిన్న పదిహేడో ఎక్కం దగ్గర పాపాయి గట్టిగా ఒక్క తన్ను తన్నిందట. వీడు ఎక్కడో తప్పు చదివి ఉంటాడు.