సున్నితమైన నోటికి తగిన కళ్ళెం

కళ్ళెమనగానే తోలుపట్టీలు, పగ్గాలు అన్నీ కలిసి మన మనస్సునకు స్ఫురించును. కాని గుర్రమునకు తెలిసిన కళ్ళెం నోటిలో అడ్డముగా నిలిచే లోహపు కమ్మి ఒక్కటే. రౌతు చేతిలోని ఆజ్ఞ పగ్గం వెంట నడచి ఆ కమ్మి మీదనే పలుకును. అది గుర్రమునకు మాటగా వినబడునా, బాధగా తగులునా అన్నది కమ్మిని ఎన్నుకొనుటలోనే సగం తేలిపోవును.

గుర్రపు నోటిలో ముందుపళ్ళకును దవడపళ్ళకును నడుమ పళ్ళులేని చోటు ఒకటి ఉన్నది. కమ్మి నిలిచేది అక్కడనే. ఎముకను కప్పిన పలుచని చిగురు తప్ప అక్కడ వేరే మెత్తదనం లేదు. తక్కిన చోటును నాలుక దాదాపు నింపివేయును. కనుక లావైన కమ్మి మృదువనియు, సన్ననిది కఠినమనియు చెప్పెడి సూత్రం సగమే నిజం. సన్ననిది ఒరసికొనుట వాస్తవమే. అయినను చిన్న నోరు, మందమైన నాలుక గల గుర్రమునకు లావుకమ్మియే ఎక్కువ ఇబ్బంది.

ఒక కీలు గల కమ్మి పగ్గం లాగినపుడు నడుమ మడతపడి నాలుకను నొక్కును. రెండు కీళ్ళు గలది నాలుక వంపునకు ఒదిగి ఒత్తిడిని పంచును. సుకుమారమైన గుర్రములు పెక్కింటికి ఇది హితవు. కదలిక గిట్టని వానికి కీలులేని, కొంచెము వంపుగల కమ్మి మేలు. ఇక గడ్డం క్రింద గొలుసును, ప్రక్కల పొడవైన మీటలును గల కళ్ళెం చేతిబలమును పెంచి చూపును. అనుభవం లేని చేతికి అది తగదు. కమ్మి పొడవు నోటి వెడల్పునకు సరిపోవలెను. పొట్టిదైన పెదవుల మూలలను గిల్లును, పొడవైనది ప్రక్కలకు జారును.

గుర్రం తల విదిలించినను, నోరు తెరచినను, నాలుకను కమ్మి మీదికి త్రోసినను, అది పొగరని తలచి మరింత కఠినమైన కళ్ళెం తగిలించెడివారు ఉన్నారు. బాధ నుండి పారిపోవు ప్రాణికి బాధను పెంచినచో అది మరింత పారిపోవును. అపుడు రౌతు ప్రాణమునకును ముప్పే. మొదట దంతములను పశువైద్యునకు చూపవలెను. దవడపళ్ళ అంచులు పదునెక్కుటయు, వానికి ముందు మొలచిన చిన్న పన్ను కమ్మికి తగులుటయు సాధారణమే.

సోక్రటీసు శిష్యుడును, సేనానియు అయిన జెనోఫన్ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అశ్వారోహణంపై గ్రంథం వ్రాసినాడు. రౌతునకు కనీసం రెండు కళ్ళెములు, నునుపైనది ఒకటి, ముళ్ళది ఒకటి, ఉండవలెనన్నాడు. ఆ ముళ్ళను నేడు మనం సమ్మతింపజాలము. కాని బిగుసుకొన్న కమ్మి కన్న వంగెడి కమ్మి మేలనియు, నోటిని మరీ గట్టిగా లాగరాదనియు, మరీ వదలుగా విడువరాదనియు, గుర్రం మాట విన్న మరుక్షణమే పగ్గం సడలింపవలెననియు అతడే చెప్పినాడు. ఈ మాటకు ఇన్ని శతాబ్దములైనను వన్నె తగ్గలేదు. మంచి కమ్మి కూడ మొరటు చేతిలో శిక్షయే. కమ్మిని అంగడిలో కొనవచ్చును; సడలింపనేర్చిన చేతిని రౌతు తానే సంపాదించుకొనవలెను.