అక్వేరియంలో హైడ్రిల్లా పెంపకం

కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ వెలువడుతుందని నిరూపించే ప్రయోగం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ప్రయోగంలో బీకరు నీటిలో, గరాటు కింద ఉంచే మొక్కే హైడ్రిల్లా. మన చెరువుల్లో, కాలువల్లో సహజంగా పెరిగే ఈ మొక్కను ఇంటి అక్వేరియంలో పెంచడం చాలా తేలిక. అయితే పెంచేవారు ఒక జాగ్రత్త తప్పక తీసుకోవాలి. అదేమిటో తెలుసుకుందాం.

హైడ్రిల్లా కాండం సన్నగా, పొడవుగా ఉంటుంది. ఒక్కో కణుపు వద్ద సాధారణంగా 3 నుంచి 8 ఆకులు వలయంగా అమరి ఉంటాయి. కొత్త కొమ్మలు, అబ్బురపు వేళ్లు పుట్టేది కూడా కణుపుల వద్దే. అందుకే కణుపులున్న చిన్న ముక్క సైతం కొత్త మొక్క కాగలదు.

చెరువు నుంచి తెచ్చిన కొమ్మలను బాగా కడిగి, వారం రోజులు వేరే తొట్టిలో ఉంచండి. వాటి వెంట నత్తగుడ్లు, తూనీగ లార్వాలు రావచ్చు. ఈ లార్వాలు చిన్న చేపలను తింటాయి. అక్వేరియం అడుగున కడిగిన ఇసుకను 5 సెంటీమీటర్ల మందాన పరవండి. సుమారు 15 సెంటీమీటర్ల కొమ్మలను తీసుకొని, కింది ఆకులు తుంచి, రెండు కణుపులు ఇసుకలో మునిగేలా నాటండి. రోజుకు 8 గంటల దీపకాంతి సరిపోతుంది. నేరుగా ఎండ తగిలితే శైవలాలు పెరిగి అద్దాలు పచ్చబడతాయి.

చేపల విసర్జకాల నుంచి వచ్చే అమ్మోనియాను ఈ మొక్క పోషకంగా గ్రహిస్తుంది. పగలు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రివేళ మాత్రం చేపలతోపాటు తానూ ఆక్సిజన్ వాడుకుంటుంది. కాబట్టి మొక్కలు, చేపలు కిక్కిరిసిన తొట్టిలో రాత్రి గాలి పంపు నడపాలి.

కొమ్మలు నీటి ఉపరితలాన్ని తాకగానే కత్తిరించండి. పై భాగాన్ని మళ్లీ నాటవచ్చు. మరి మిగిలిన ముక్కలను ఏం చేయాలి? అసలు జాగ్రత్త ఇక్కడే ఉంది.

హైడ్రిల్లా 1950వ దశకంలో అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడాకు చేరింది. అక్కడి జలాల్లోకి వదిలిన మొక్కలు అనుకూల పరిస్థితుల్లో రోజుకు 2.5 సెంటీమీటర్ల వరకు పెరుగుతూ, కాలువలను, సరస్సులను కమ్మేశాయి. పడవలు సాగడమే కష్టమైంది. మన దేశానికి దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క కథ కూడా ఇలాంటిదే. అందమైన పూల కోసం తెచ్చిన ఆ మొక్క నేడు మన చెరువులను కప్పేస్తోంది.

కాబట్టి కత్తిరించిన ముక్కలను చెరువులో గాని, మురుగుకాలువలో గాని వేయకండి. తొట్టి నీటిని గుడ్డతో వడకట్టి పారబోయండి. ముక్కలను ఎండలో పూర్తిగా ఎండబెట్టి ఎరువు గుంతలో వేయండి. ఈ మొక్క పెంపకాన్ని తేలిక చేసే గుణమే దాన్ని ప్రమాదకరంగానూ మారుస్తుందని గుర్తుంచుకోండి.