మొదటి స్కాన్ పారేయకండి

చెన్నై మనలిలో రిఫైనరీకో ఎరువుల ఫ్యాక్టరీకో డ్యూటీకి వెళ్లే మనిషికి నలభై దాటాక దగ్గరి అక్షరాలు మసకబారతాయి. కళ్లజోడు మార్చుకుంటాడు, అంతా బాగానే ఉందనుకుంటాడు. గ్లకోమా ఆ అక్షరాల పరీక్షకు దొరకదు. నీటికాసులని మన పెద్దలనే ఈ జబ్బు ముందు పక్కచూపును తినేస్తుంది. ఎదుటి అక్షరం దాదాపు చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది. 2001–2004 మధ్య శంకర నేత్రాలయ పరిశోధకులు జరిపిన ‘చెన్నై గ్లకోమా స్టడీ’లో, నలభై దాటిన నగరవాసుల్లో 3.51 శాతం మందికి ఓపెన్ యాంగిల్ గ్లకోమా బయటపడింది. వాళ్లలో నూటికి తొంభైమందికి పైగా ఆ సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు!

కంటి ప్రెషర్ చూస్తే చాలదా? చాలదు. ప్రెషర్ మామూలుగా ఉన్నా కంటి నరం దెబ్బతినేవాళ్లు ఎందరో. అందుకే నరాన్నే చూడాలి. కంటి లోపలి వెనక భాగాన్ని తీసే ఫండస్ ఫోటోలో నరం మధ్యనున్న గుంట పెద్దదవుతోందా అన్నది తెలుస్తుంది. 1991లో వెలుగు చూసిన ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) స్కాన్ ఇంకా లోతుకు వెళ్తుంది. గడ్డం ఆనించి లోపలి గుర్తుకేసి చూస్తే చాలు, కంటికి ఏదీ తగలకుండా కొన్ని క్షణాల్లో అయిపోతుంది. కంటికి కనిపించని పరారుణ కాంతిని లోపలికి పంపి, తిరిగొచ్చినదాన్ని అద్దం మీంచి వచ్చిన కాంతితో కలిపి, పొరల మందాన్ని మైక్రాన్లలో లెక్కకడుతుంది. ఆరోగ్యమైన కంట్లో నరం చుట్టూ ఉన్న పోగుల పొర సగటున 90–100 మైక్రాన్లు. పైనా కిందా మందం ఎక్కువ కాబట్టి గ్రాఫు రెండు మూపురాలుగా లేస్తుంది. గ్లకోమాలో తరచు ముందుగా కుంగేది కింది మూపురం.

రిపోర్టులో పొర పలచబడిందని చెప్పే ఎరుపు చూడగానే గుండె జారిపోనక్కర్లేదు. మైనస్ పవర్ బాగా ఎక్కువున్న కళ్లలో జబ్బు లేకపోయినా ఎరుపు పడుతుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది అంతా మామూలేనని చెప్పే ఆకుపచ్చే. పొర 110 నుంచి 90కి తగ్గినవాడికీ మెషీన్ ఆకుపచ్చే చూపించవచ్చు, ఎందుకంటే అది పోల్చేది ఇతరులతో. మీ నష్టం తెలియాలంటే మీ పాత స్కానే కావాలి, అదీ వీలైతే అదే మెషీన్‌లో తీసినది. రెండు మూడు మైక్రాన్ల తేడా కొలతలోనే వస్తుంది, వరసగా తగ్గుతుంటేనే లెక్క. పొర దాదాపు 50 మైక్రాన్లకు చేరాక ఓసీటీకి ఇంక చెప్పేదేమీ మిగలదు. అక్కడినుంచి పక్కచూపును కొలిచే ఫీల్డ్ టెస్టే దిక్కు.

1819 నుంచి నడుస్తున్న ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రికి వెళ్లినా, ప్రైవేటుకు వెళ్లినా పాత రిపోర్టు సంచిలో ఉండాలి. ఇంట్లో ఒకరికి గ్లకోమా ఉంటే అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్లనీ కూడా వెంటబెట్టుకెళ్లండి, వాళ్లకూ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ.