ఇరవై అయిదో వంతు బండి

ఈ సంచికకు ఏదైనా రాయమని యూనియన్ సోదరులు ఉత్తరం రాసినప్పుడు, మా ఇంట్లో అందరూ నవ్వారు. "బొమ్మకార్లు అతికించుకునేవాడు విద్యార్థులకేం చెబుతాడు?" అన్నది మా ఆవిడ. నిజమే. ఈ కాలేజీ గుమ్మం దిగి నలభై ఏళ్ళు దాటింది. పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు అమృతలూరులో మా పాత ఇంటి వసారాలో బల్ల వేసుకుని, పాత అమెరికన్ కార్ల నమూనాలు తయారు చేస్తుంటాను. దారినపోయేవాళ్ళు ఆగి చూసి, "మనవడికా మాస్టారూ?" అంటారు. "కాదండీ, మా నాన్నకి" అంటే నమ్మరు. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను. దానితోపాటు ఈ విద్య ఏమిటో, ఎలా చెయ్యాలో కూడా చెబుతాను. మీలో ఒకరిద్దరికి ఆసక్తి కలిగినా చాలు.

కిట్ అంటే ఏమిటి?

బజార్లో కొనే బొమ్మకారు తయారై వస్తుంది. కిట్ అలా కాదు. అట్టపెట్టెలో నూరు పైచిలుకు ప్లాస్టిక్ ముక్కలు, కొమ్మకు కాయల్లా సన్నని చట్రాలకు అంటుకుని ఉంటాయి. ఇంజను, గేరుబాక్సు, ఛాసీ, స్ప్రింగులు, సీట్లు, స్టీరింగు, దీపాలు, అన్నీ విడివిడిగానే వస్తాయి. వాటిని కత్తిరించి, అరగదీసి, అతికించి, రంగువేసి బండి చేసుకోవాలి. అతికించడం తేలికే. బండిలా కనిపించేట్టు చెయ్యడమే కష్టం.

ఈ కిట్లలో ఎక్కువ భాగం 1/24, 1/25 కొలతల్లో వస్తాయి. 1/24 అంటే అసలు బండిలో ఒక అడుగు, నమూనాలో అర అంగుళం. 1/25 దానికి పక్కింటి చుట్టం. 1951 షెవర్లేకి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 115 అంగుళాలు. నమూనాలో అది 4.6 అంగుళాలు. అయిదున్నర అడుగుల మనిషి ఈ లోకంలో ఆరున్నర సెంటీమీటర్ల పైచిలుకు ఉంటాడు.

లెక్కలవాళ్ళకు ఇక్కడో తమాషా ఉంది. పొడవు 25వ వంతైతే ఘనపరిమాణం 25 x 25 x 25, అంటే 15,625వ వంతు అవుతుంది. సుమారు 1400 కేజీల బండిని అవే లోహాలతో అంతకు కుదిస్తే 90 గ్రాములు తూగుతుంది. అంటే అరచేతిలో పట్టుకోవచ్చు. కాని అన్నీ అంత సుళువుగా కుదించడానికి లొంగవు. అసలు బండి రేకు మందం ఒక మిల్లీమీటరు అనుకుంటే, నమూనాలో అది 0.04 మిల్లీమీటర్లు ఉండాలి. ప్లాస్టిక్ అంత పలచగా పొయ్యలేరు. అది ఒక మిల్లీమీటరు మందం ఉన్నా, ఆ లెక్కన అంగుళం మందం రేకుతో చేసిన బండిలా కనిపిస్తుంది. అందుకే కిటికీ అంచుల్నీ చక్రాల పైకమానుల్నీ లోపలివైపు నుంచి అరగదీసి పలచన చేస్తాం. రంగు కూడా అంతే. పదోవంతు మిల్లీమీటరు మందాన పూశామంటే, అసలు బండి మీద రెండున్నర మిల్లీమీటర్ల రంగు మెత్తినట్టే. గుడ్డ సంగతి చెప్పనక్కర్లేదు. సీటుకి నిజం గుడ్డ అంటిస్తే దాని నూలుపోగులు మోకుల్లా కనిపిస్తాయి.

ఎలా పుట్టింది?

అమెరికాలో కార్ల నమూనాలు మొదట పిల్లల కోసం పుట్టలేదు. జనరల్ మోటార్స్‌లో 1927లో చేరిన హార్లీ ఎర్ల్ కొత్త బండి రూపాన్ని ముందు బంకమట్టితో మలచి చూసే పద్ధతిని బాగా నాటాడు. ఆ కంపెనీకే చెందిన ఫిషర్ బాడీవారు 1930 నుంచి 1968 దాకా కుర్రవాళ్ళకు నమూనాల పోటీలు నడిపి, గెలిచినవారికి విశ్వవిద్యాలయ చదువుకు స్కాలర్‌షిప్పులు ఇచ్చారు. మొదట రాజుల కాలంనాటి గుర్రబ్బండి చెయ్యమన్నారు, తర్వాత సొంతంగా ఊహించిన కారు చెయ్యమన్నారు. చేతిపనికి కాలేజీ సీటు ఖర్చు రావడం, ఆలోచించవలసిన విషయమే.

1948లో మిషిగన్ రాష్ట్రంలో పుట్టిన ఎ.ఎమ్.టి. కంపెనీ పేరులో మొదటి అక్షరం అల్యూమినియం. తర్వాత ప్లాస్టిక్‌కి మారింది. కార్ల దుకాణాలవాళ్ళు కొత్త బండి వచ్చినప్పుడల్లా దాని చిన్న నమూనాను ఖాతాదార్లకు ఇచ్చేవారు. వాటిని చాలాకాలం ఎసిటేట్ ప్లాస్టిక్‌తో పోశారు. అవి ఏళ్ళు గడిచేకొద్దీ వంకర్లు పోయాయి. తరువాత వచ్చిన పాలీస్టైరీన్ అలా వంగలేదు. 1958లో ఇదే కంపెనీ ఒకే పెట్టెలో మూడు రకాలుగా చేసుకోగల కిట్లు తెచ్చింది: కంపెనీ బండిలా, సొంత సోకులతో, లేదా పందెం బండిలా. అమెరికా కుర్రకారు వాటి మీద ఎగబడ్డారు. ఆనాటి అచ్చుల్లో కొన్నిటి నుంచి ఇవాళ్టికీ కిట్లు పోస్తున్నారు.

మన ఊళ్ళకూ ఈ బండ్లు కొత్త కాదు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి సెవ్రీలో ఫ్యాక్టరీ పెట్టి షెవర్లేలు బిగించింది. ఊరికే విడిభాగాలు తెచ్చి బిగిస్తే చాలదు, ఇక్కడే తయారు చెయ్యాలని ప్రభుత్వం విధానం మార్చాక 1954లో మూసేసింది. కుర్లాలో ప్రీమియర్‌వారు 1947 నుంచి డాడ్జి, ప్లిమత్, డిసోటోలు బిగించారు. మద్రాసు సినిమావాళ్ళ పుణ్యమా అని 'ఇంపాలా' అన్న మాట తెలుగు మాటే అయిపోయింది.

మా బండి కథ

మా నాన్న 1954లో పద్ధెనిమిదేళ్ళప్పుడు ఒక రైసుమిల్లు కామందు దగ్గర క్లీనరుగా చేరి, తర్వాత డ్రైవరయ్యాడు. ఆ బండి 1951 షెవర్లే ఫ్లీట్‌లైన్, నాలుగు తలుపులది. వీపు వంపుగా, నాన్న మాటల్లో చెప్పాలంటే 'తాబేటి డిప్పలా' ఉండేది. తెనాలి, రేపల్లె, బాపట్ల రోడ్ల మీద పెళ్ళివారిని, కాన్పుకి వెళ్ళే ఆడపడుచుల్ని ఆ బండిలోనే చేరవేశాడు. 1971లో కామందు దాన్ని అమ్మేశారు. కొన్నవాళ్ళు విప్పి తుక్కు కింద వేశారట. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు.

ఇప్పుడు నాన్నకు తొంభైకి దగ్గర. నీటికాసులతో చూపు చాలావరకు పోయింది. రెండేళ్ళ కిందట ఒకరోజు, "ఒరే అబ్బాయ్, ఆ చవర్లెట్టు బండి ముట్టె ఎట్లా ఉండేదో గుర్తు రావటంలేదురా" అన్నాడు. ఆయన గొంతులో భయం వినిపించింది. కళ్ళు పోయినప్పుడు కూడా ఆయన అంత బెంగపడలేదు. ఆ మర్నాడే ఎ.ఎమ్.టి. వారి ఫ్లీట్‌లైన్ కిట్ తెప్పించాను.

పెట్టె విప్పాక రెండు చిక్కులొచ్చాయి. కిట్‌లోది రెండు తలుపుల బండి. పైగా స్టీరింగు ఎడమవైపు. కిట్లు చేసేవాళ్ళు కుర్రవాళ్ళు కోరుకునే బండ్లే చేశారుగాని, సంసారపక్షపు నాలుగు తలుపుల బండ్ల జోలికి పెద్దగా పోలేదు. కనుక శస్త్రచికిత్స తప్పలేదు.

పని వరస

ముక్కల్ని చట్రం నుంచి లాగకూడదు, కత్తిరించాలి. గోళ్ళు తీసే కట్టరు చాలు. తర్వాత ఉప్పుకాగితం. 400 నంబరుతో మొదలుపెట్టి, 600, 1000 దాకా నీళ్ళతో తడిపి రుద్దాలి. పాత తలుపుల గీతల్ని లప్పంతో పూడ్చాను. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర ముక్కలు అతికించాక, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కు పూసి సందులు కప్పుతారు చూడండి, ఆ పనే ఇది. లప్పం ఆరాక కుంచించుకుపోతుంది. అందుకని కొంచెం ఎక్కువ పెట్టి, రెండు రోజులు ఆగి రుద్దాలి. కొత్త తలుపుల కొలతలు గీసుకుని, టేపు అంచు వెంట బ్లేడు వీపుతో పదిసార్లు మెల్లగా గీశాను. ఒక్కసారే గట్టిగా గీస్తే చెయ్యి జారుతుంది. నాలుగు తలుపుల బండికి ముందు తలుపు పొట్టిది. మధ్య కమ్మీని ప్లాస్టిక్ రేకు ముక్కతో చేశాను. డాష్‌బోర్డుని మూడు ముక్కలుగా కోసి, మీటరున్న కొసని కుడికి, సామాను అర ఉన్న కొసని ఎడమకి మార్చాను. స్టీరింగు గొట్టం, పెడల్సు కూడా కుడికి జరిగాయి.

జిగురు సంగతి విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు నచ్చుతుంది. ఈ ప్లాస్టిక్‌కి వాడే జిగురు నిజానికి జిగురు కాదు, ద్రావకం. రెండు అంచుల్నీ కరిగించి కలిపేస్తుంది. ద్రావకం ఆవిరైపోయాక అతుకు ఉండదు, ఒకే ముక్క మిగులుతుంది. అందుకే లప్పం, రంగు ఉన్నచోట అది అతకదు. క్షణాల్లో అంటుకునే సూపర్‌గ్లూ వేరు. అది గాలిలోని తేమతో గడ్డకడుతుంది, మన డెల్టా గాలికి మరీ తొందరగా. దాని ఆవిరి అద్దాల మీద తెల్లని పొగలా పేరుకుంటుంది. నేను మొదటి ముందద్దాన్ని అలాగే పాడుచేసుకున్నాను. అద్దాలకు ఫెవికాలే మంచిది. ఆరితే కనపడదు, పొరపాటైతే నీళ్ళతో పోతుంది.

ఇంజనుకు ఆరు సిలిండర్లు. వాటి ప్లగ్గులకు డిస్ట్రిబ్యూటరు నుంచి ఆరు వైర్లు, కాయిల్‌కి ఒకటి. పాడైన ఇయర్‌ఫోను వైరులోని సన్నని రాగిపోగులు తీసి, నల్లరంగు వేసి, 1-5-3-6-2-4 వరసలో కలిపాను. బానెట్ మూస్తే ఎవరికీ కనపడవు. కాని నాన్నకు తెలుసు, నాకూ తెలుసు. రేడియో ఏరియల్‌కి చట్రపు ముక్కను కొవ్వొత్తి మీద వేడిచేసి సాగదీస్తే, వెంట్రుకంత దారం వస్తుంది. సీట్లకు టిష్యూకాగితం మీద నీళ్ళు కలిపిన ఫెవికాల్. కిటికీ చుట్టూ తళుకు పట్టీలకు చాక్లెట్ రేకు.

రంగు దగ్గర పడ్డాను. లాకర్ రంగును శ్రావణమాసపు ముసురులో కొట్టాను. ద్రావకం ఆవిరైపోతూ పై పొరను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఆ చల్లదనానికి రంగులో దిగి తెల్లబూజు పట్టిస్తుంది. మొత్తం తీసేసి, మాఘమాసం ఎండలొచ్చేదాకా ఆగాను. పలచగా నాలుగైదు పూతలు వెయ్యాలి, ఒకదానికొకటి ఆరాక. మూతికి మాస్కు, పక్కన తెరిచిన కిటికీ మరవకండి. ఆ ఆవిర్లు మంచివి కావు.

ఏ రంగు?

అసలు గొడవ రంగు ఏదన్న దగ్గర వచ్చింది. నాన్న ఆకుపచ్చ అన్నాడు. అమ్మ బతికున్న రోజుల్లో నీలం అనేది. నాకూ నీలమే గుర్తు. "మీ అమ్మకేం తెలుసురా, బండి కడిగింది నేను" అన్నాడు నాన్న. నాలుగు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదంటే నమ్మండి. చివరికి ఆయనకే తట్టింది. కామందుగారి అమ్మాయి పెళ్ళికి బండికి నీలం డ్యూకో కొట్టించారట. అడుగున ఆకుపచ్చ అలాగే ఉండిపోయింది. రెండూ నిజమే.

నమూనాలు చేసేవాళ్ళలో ఈ వాదం పాతదే. ఫ్యాక్టరీలో పుట్టిన బండి చెయ్యాలా, మనుషులు వాడిన బండి చెయ్యాలా? పుస్తకంలో ఉన్నది చెయ్యడం సుళువు, ఎవరూ తప్పుపట్టరు. కాని 1951లో షోరూమ్‌లో నిలబడ్డ బండి మా నాన్నది కాదు, ఎవరిదో. నేను రెండోదే ఎంచుకున్నాను.

అందుకొక చిట్కా ఉంది. ముందు ఆకుపచ్చ కొట్టి ఆరనిచ్చాను. రంగు రాలిపోయే చోట్ల, అంటే తలుపు పిడుల దగ్గర, బానెట్ అంచున, ఫెండర్ల కింద నీళ్ళు తడిపి కల్లుప్పు పొడి చల్లాను. ఉప్పు అంటుకుని ఆరాక, పైన నీలం కొట్టాను. అదీ ఆరాక వేలితో రుద్దితే ఉప్పు రాలిపోయి, నీలం పెచ్చులూడి అడుగున ఆకుపచ్చ కనిపించింది. ఉప్పు తక్కువ వెయ్యాలి. ఎక్కువైతే బండికి అమ్మవారు పోసినట్టుంటుంది.

బండి పూర్తయ్యాక నాన్న చేతిలో పెట్టాను. ముందు గ్రిల్లు పళ్ళు తడిమాడు. తర్వాత దీపాలు, బానెట్, అద్దం. వీపు వంపు మీద బొటనవేలు అటూ ఇటూ తిప్పాడు. తలుపులు లెక్కపెట్టాడు. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి టాపు మీద చెయ్యిపెట్టి, "క్యారియర్ ఏదిరా? పెళ్ళివారి పెట్టెలెక్కడ కడతావు?" అన్నాడు.

క్యారియర్ సంగతి నాకసలు గుర్తులేదు. మర్నాడే ఇత్తడి తీగతో చేసి బిగించాను. ఇప్పుడు బండి ఆయన మంచం పక్కన బల్ల మీద ఉంటుంది. రోజూ ఒకసారి తడుముతాడు. ఏ రోడ్డు మీద ఏ పెళ్ళికి వెళ్ళాడో చెబుతాడు. నేను నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను.

విద్యార్థి మిత్రులకు రెండు మాటలు. ఈ పనికి పెద్ద ఖర్చక్కర్లేదు. మొదటి కిట్ చౌకది కొనండి, పాడుచెయ్యండి, దానివల్లే నేర్చుకుంటారు. విదేశీ కిట్లే కావాలనీ లేదు. మన తెనాలి శిల్పులు పాత ఇనుప నట్లతో నిలువెత్తు విగ్రహాలు నిలబెడుతున్నారు. అట్టముక్కతో మీ ఊరి ఎడ్లబండినో, తాతగారి ట్రాక్టరునో కొలతలు తప్పకుండా చెయ్యండి. అయితే ఒక్క పని ముందు చెయ్యండి. ఆ బండి ఎరిగిన పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, కత్తెర పట్టకముందే వాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. కిట్ పెట్టెలో ఎన్ని ముక్కలున్నా, క్యారియర్ మాత్రం వాళ్ళ దగ్గరే ఉంటుంది.