గోడలో నింకొక ఇటుక: ఒక పాట పుట్టుక, దాని భావము

గత సంవత్సరము వార్షికోత్సవమునకు పై తరగతుల బాలబాలికలు తాము పాడదలచిన పాటల పట్టికను తెచ్చి యిచ్చినప్పుడు, అందులో నొక ఆంగ్లగీతము పేరు చూచి మేము జంకితిమి. ‘ఎనదర్ బ్రిక్ ఇన్ ది వాల్’, అనగా ‘గోడలో నింకొక ఇటుక’ అని దాని పేరు. బడిని, ఉపాధ్యాయుని ధిక్కరించు పాటను బడిపండుగనాడే పాడింతురా యని కొందరు తల్లిదండ్రులు అడిగిరి. మేమును కారణమేమియు చెప్పక పట్టికనుండి ఆ పాటను కొట్టివేసితిమి. పిల్లలు మారుమాట పలుకలేదు. వారు వాదించియున్నచో మాకు బాగుండెడిది. ఆ మౌనము మాత్రము చాలదినములు మమ్ము బాధించినది. అందుచేత ఆలస్యముగానైనను ఆ పాట చరిత్రను తెలిసికొంటిమి. తెలిసికొన్నంతవరకు తల్లిదండ్రులకు విన్నవించుచున్నాము.

ఈ పాటను కట్టినది పింక్ ఫ్లాయిడ్ అను వాద్యబృందము. ఇది 1965లో లండను నగరమున ఏర్పడినది. పాట నాటికి రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మోర్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్ అను నలుగురు అందలి సభ్యులు. వీరి సంగీతమును ‘ప్రోగ్రెసివ్ రాక్’ అందురు. రాక్ సంగీతమనగా మూడు నిమిషములలో ముగియు ఆటపాట యను అభిప్రాయమును త్రోసిపుచ్చి, పాటను ఇరువది నిమిషముల వరకు పెంచి, ఒక రికార్డులోని పాటలన్నిటిని ఒకే కథగా కూర్చిన మార్గమిది. రాగమాలాపించి పల్లవిని విస్తరించు కచేరీలకు అలవాటుపడిన మనకు ఆ నిడివి వింతగా తోచదు. ఆ దేశపు యువకులకు అది క్రొత్త.

1977 జులై 6న కెనడా దేశమున మాంట్రియల్ నగరపు క్రీడాస్థలములో వీరి కచేరీ జరిగినది. వేదిక ముందు అల్లరి చేయుచుండిన ఒక అభిమానిపై వాటర్స్ ఉమ్మివేసెను. తరువాత తన చేష్టకు తానే సిగ్గుపడి, తనకును వినువారికిని నడుమ ఒక గోడ లేచినదని తలపోసెను. ఆ తలపే పెరిగి ‘ది వాల్’ అను జంట రికార్డుగా 1979 నవంబరు 30న వెలువడినది. అందలి కథానాయకుడు పింక్ అను గాయకుడు. జీవితమున తనకు తగిలిన ప్రతి దెబ్బను ఒక ఇటుకగా పేర్చుకొని, తన చుట్టు తానే గోడ కట్టుకొని, తుదకు దానిలో బందీ యగును. ‘గోడలో నింకొక ఇటుక’ అను పేరుతో అందులో మూడు భాగములున్నవి. మొదటి ఇటుక తండ్రి మరణము, రెండవది బడి. మూడవ భాగమునాటికి పింక్ మనస్సు చెదరి, ఇక ఎవరితోను పనిలేదను స్థితికి వచ్చును. లోకమంతట ప్రసిద్ధి కెక్కినది రెండవ భాగమే.

ఇందులో తండ్రి కథ కల్పన కాదు. 1943 సెప్టెంబరులో జన్మించిన వాటర్స్ అయిదు నెలల పసివాడై యుండగా, 1944 ఫిబ్రవరిలో ఇటలీ దేశమందలి ఆంజియో యుద్ధమున అతని తండ్రి మరణించెను. ఆ తండ్రి సైన్యమున చేరకముందు బడిపంతులు. తల్లియు ఉపాధ్యాయురాలే. ఈ సంగతి తెలిసినప్పుడు మేము కొంతసేపు ఊరకుండిపోతిమి. బడిని నిందించిన పాటను వ్రాసినవాడు ఇద్దరు ఉపాధ్యాయుల బిడ్డ! అతడు చదివినది కేంబ్రిడ్జి పట్టణమందలి బాలుర ఉన్నత పాఠశాలలో. అక్కడి కొందరు ఉపాధ్యాయులకు పిల్లలను నోరు మూయించుటయే పనియని, అందరిని గాక అట్టివారినే తాను నిందించితినని అతడు పిమ్మట పలుమారులు చెప్పియున్నాడు.

పాట మొదట మిక్కిలి చిన్నది: ఒక చరణము, ఒక పల్లవి, అంతే. రికార్డును తీర్చిదిద్దిన బాబ్ ఎజ్రిన్ అను కెనడా దేశీయుడు, ఆ కాలమున నృత్యశాలలలో మ్రోగుచుండిన డిస్కో తాళమును దీనికి పట్టింపుమని సలహా యిచ్చెను. నిమిషమునకు సుమారు నూరు దెబ్బల సమమైన నడక అది. సైనికుల అడుగులవలె మార్పు లేక సాగును. బడియందలి యాంత్రికతను చెప్పు పాటకు ఇంతకన్న తగిన తాళము దొరకదని మా అభిప్రాయము. పాటను విడిగా అమ్ముటకు తగినంత నిడివి లేదని ఎజ్రిన్ చెప్పగా, విడిపాటలతో తమకు పని లేదని బృందమువారు కొట్టివేసిరట. అతడు వారికి తెలియకుండ టేపును నకలు తీసి, అదే చరణమును రెండవసారి అతికించెను. రెండవసారియు అదే గొంతు వినిపించినచో విసుగు పుట్టును గదా. పాట బడిని గూర్చినది. కాబట్టి రెండవ చరణమును బడిపిల్లలచే పాడింపవలెనని అతనికి తోచినది.

సంగీతము తెలిసినవారికొక మాట. గిల్మోర్ గిటారు వాదనము ఈ పాట చివర చాలసేపు సాగును. అందలి స్వరస్థానములు చాలవరకు మన ఖరహరప్రియ మేళమునకు సరిపోవును. త్యాగరాజస్వామి పెక్కు కీర్తనలు రచించిన రాగమది. పోలిక స్వరస్థానముల మట్టుకే. గమకము, సంచారము వేరు. అయినను మా సంగీతోపాధ్యాయిని హార్మోనియముపై ఆ స్వరములను పలికించి చూపినప్పుడు పిల్లల ముఖములు వికసించినవి.

ఇక పిల్లల సంగతి. బృందమువారు విదేశమున పనిచేయుచుండిరి. వారి సొంత ధ్వనిముద్రణశాల లండనులోని ఇజ్లింగ్టన్ ప్రాంతమున నుండెను. అక్కడి ఉద్యోగి నిక్ గ్రిఫిత్స్‌కు ఎజ్రిన్ టేపులు పంపి పిల్లలచే పాడింపుమనెను. ఆ శాలకు సమీపముననే ఇజ్లింగ్టన్ గ్రీన్ పాఠశాల. సంగీతోపాధ్యాయుడు ఆలన్ రెన్షా, పిల్లలకు సంగీతము వారి జీవితముతో సంబంధము కలదై యుండవలెనని నమ్మినవాడు. 13 మొదలు 15 సంవత్సరముల వయస్సుగల 23 మందిని వెంటబెట్టుకొని నడచిపోయెను. పాటలోని మాటలను ముందుగా ప్రధానోపాధ్యాయినికి చూపలేదు. చూపినచో వలదనునని భయపడెను! పిల్లలు గాయకశిక్షణ పొందినవారు కారు. శ్రుతిశుద్ధికన్న కేకయే ముఖ్యమని వారిచే పాడించి, ఆ గొంతులనే పలుమారులు ఒకదానిపై నొకటి చేర్చి ముద్రింపగా, పెద్ద సమూహము పాడినట్లు వినిపించినది. ఆ టేపును విన్నప్పుడు వాటర్స్ మేను గగుర్పొడిచినదని చెప్పుదురు. పెద్దవాడు పాడునప్పుడు అది పాత కక్షవలె నుండును. పిల్లలు పాడునప్పుడు నేటి మొర యగును. అవే మాటలు, అదే వరస.

పాట 1979 డిసెంబరులో బ్రిటనునందును, 1980 మార్చిలో అమెరికాయందును అమ్మకములలో మొదటి స్థానము నందినది. లండను విద్యాధికారులు కోపించిరి. మరి పాడిన పిల్లలకేమి దక్కినది? పాఠశాలకు వేయి పౌనులు ముట్టినవి. అమ్మకములలో పిల్లలకు వాటా ఉండవలెనని ఎవరును ఒడంబడిక వ్రాయలేదు. 1996లో ఆ దేశపు చట్టము మారి, ముద్రణలలో పాల్గొన్న గాయకవాదకులకు ప్రసారముల రాబడిలో హక్కు ఏర్పడినది. 2004లో, అనగా పాతికేండ్ల తరువాత, నాటి విద్యార్థులు కొందరు తమ వాటాకై అర్జీ పెట్టుకొనిరి. పిల్లల గొంతును వినుడని ఘోషించిన పాటయే ఆ గొంతుల విలువను మరచినది. ఈ లోపమును కప్పిపుచ్చి పాటను మెచ్చుకొనుట మాకిష్టము లేదు.

దీని భావమేమి? 1982లో ఆలన్ పార్కర్ దర్శకత్వమున ఈ కథ చలనచిత్రమైనది. అందులో బాలుడైన పింక్ తరగతిలో రహస్యముగా పద్యము వ్రాసికొనుచుండగా ఉపాధ్యాయుడు పుస్తకము లాగుకొని, వెక్కిరించుచు అందరికి చదివి వినిపించి, కొట్టును. తరగతి యంతయు నవ్వును. తరువాత ముఖములు లేని ముసుగులతో పిల్లలు బారులు తీరి నడచి యొక యంత్రమున పడిపోవుదురు. రికార్డులో ఈ పాటకు ముందు వచ్చు చిన్న పాట మరియొక సంగతి చెప్పును: బడిలో పిల్లలను హింసించు ఆ ఉపాధ్యాయుడు ఇంటికి పోయి భార్యచేత బాధలు పడును. అతడును గోడలోని ఇటుకయే. పాట నిరాకరించునది విద్యను కాదు, మనస్సులను అదుపుచేయుటను, తరగతిలోని ఎత్తిపొడుపును.

ఇందలి మొదటి వాక్యమున రెండు నిషేధములున్నవని ఆంగ్లోపాధ్యాయులు తప్పుపట్టుదురు. తెలుగున ‘చెరువులో నీరు లేకపోలేదు’ అన్నచో నీరున్నదనియే గదా అర్థము. ఆ లెక్కను పాటకు అన్వయించి, పిల్లలు చదువు కావలెననుచున్నారని చమత్కరించువారును కలరు. ఇది అతితెలివి యని మా తలంపు. లండను వీధులలో రెండు నిషేధములు కలిసి ఒకే నిషేధమును బలపరచును. అది ఇంటి భాష, ఆటస్థలపు భాష. ఎఱ్ఱసిరా కలము కొట్టివేయు భాష. బడిని ప్రశ్నించు పాట బడి మెచ్చని భాషలోనే మొదలగుట సహజము.

ఈ మాట మనకు తగులవలసిన చోటొకటి యున్నది. దానికి ముందు దక్షిణాఫ్రికా సంగతి చెప్పవలెను. అక్కడ నల్లజాతి పిల్లలకు ఆఫ్రికాన్స్ భాషలో పాఠములు చెప్పితీరవలెనని ప్రభుత్వము నిర్బంధింపగా, 1976 జూన్ 16న సొవెటోలో వేలకొలది విద్యార్థులు ఊరేగిరి; పోలీసులు కాల్పులు జరిపిరి. నాలుగేండ్లకు, 1980లో, తమకు పెట్టుచున్న నాసి చదువునకు నిరసనగా అక్కడి విద్యార్థులు బడులు మానినప్పుడు ఈ పాటనే పాడుకొనిరి. ఆ ప్రభుత్వము మే నెలలో పాటను నిషేధించినది. బడులు మానిన ఆ పిల్లలు కోరినది మంచి చదువు.

మన పిల్లలకు తెలుగు చదువు దక్కవలెనని పెద్దలు తరతరములుగా పాటుపడినారు. అయినను తరగతిలో ఏమి జరుగుచున్నది? ఇరుగుపొరుగు భాష కలిసిన ఇంటి తెలుగుతో, అమ్మమ్మ పలుకుబడితో, బిడ్డ నోరు తెరచినంతనే ‘ఇదియా తెలుగు?’ అని నవ్వువారు ఇతరులు కారు, మనమే. సెలవులకు వచ్చిన బంధువులు నవ్వుదురు, బడిలో మేమును నవ్వినాము. అట్లు నవ్వబడిన బిడ్డ మరునాటినుండి వేరొక భాషలో బదులు చెప్పును. లేదా బదులే చెప్పడు. గత సంవత్సరము పాటల పట్టికను తిరిగి తీసికొన్నప్పుడు మేము చూచిన మౌనము అట్టిదేమో యని ఇప్పుడు సందేహము.

ఈ యేడు పట్టికలో పిల్లలు ఆ పాటను మరల చేర్చలేదు. మేమే వారిని పిలిచి అడిగితిమి. ఒక బాలిక కొంత తటపటాయించి, ‘రెండవ చరణము మేము తెలుగులో వ్రాసికొనవచ్చునా?’ అని యడిగినది. వ్రాసికొనుమంటిమి. వ్రాసిన కాగితమును ముందుగా మాకు చూపనక్కరలేదనియు చెప్పితిమి.