క్యాన్సర్ మందుకు నోరు పూస్తే

నర్సింహులపేట ఒక మండల కేంద్రం. మొదట వరంగల్ జిల్లాలో ఉండేది. 2016లో మహబూబాబాద్ జిల్లాలో కలిసింది. ఈ పక్క వరి, పత్తి, మిరప పండుతాయి. కారం లేనిదే ఇక్కడ ముద్ద దిగదు.

ఇట్లాంటి ఊళ్లో ఒక అత్త, ఒక కోడలు ఉన్నారనుకుందాం. అత్తకు బుగ్గ లోపల క్యాన్సర్ వచ్చింది. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖాన ఉంది. అది 1955 నుంచి ఉన్న సర్కారు దవాఖాన. అక్కడ ఆమెకు కరెంటు పెడుతున్నారు. కరెంటు అంటే రేడియేషన్. వారానికి 5 రోజులు పెడతారు. శని, ఆదివారాలు ఉండదు.

మూడో వారం శనివారం అత్త ఇంటికి వచ్చింది. నోరంతా పూసింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. నాలుక మీద పుండ్లు. ఉమ్మి మింగినా మంటే.

"నేను మళ్ల పోను బిడ్డా. ఆ కరెంటే నా నోరు కాల్చింది. సచ్చినా ఇంట్లనే సస్తా" అంది అత్త.

కోడలు భయపడింది. పక్కింటి వదినె వచ్చి చూసింది. "మా తమ్ముని భార్యకు ఏదో పొడి డబ్బా రాసిచ్చిండ్రు. నోరు మానిందట. మీరు గూడ కొనుండ్రి" అంది.

ఆ పొడి ఏమిటి? అది కొనాలా? అత్త సోమవారం పోవాలా, వద్దా? ఒక్కొక్కటే చూద్దాం.

నోరు ఎందుకు పూస్తుంది?

క్యాన్సర్ కణాలు తొందరగా పెరుగుతాయి. కణం అంటే కంటికి కనబడని చిన్న ముక్క. మన ఒళ్లంతా కణాలే. తొందరగా పెరిగే కణాలను చంపడానికి మందు ఇస్తారు, కరెంటు పెడతారు.

మన నోటి లోపలి పొర కూడా తొందరగానే పెరుగుతుంది. ఒకటి రెండు వారాల్లో పాత పొర పోయి కొత్తది వస్తుంది. అందుకని దానికీ దెబ్బ తగులుతుంది. పాతది పోతుంది. కొత్తది టైముకు రాదు. అప్పుడు నోరు పూస్తుంది.

సెలైన్‌లో ఎక్కించే కీమో మందుకైతే 5 నుంచి 10 రోజుల్లో పుండ్లు వస్తాయి. ఎక్కువ మందికి రెండు మూడు వారాల్లో మానుతాయి. నోటికి, గొంతుకు కరెంటు పెడితే రెండు మూడు వారాలకు మొదలవుతాయి. కరెంటు అయిపోయాక కూడా కొన్ని వారాలు ఉంటాయి. కానీ మానుతాయి.

ఇది అంటురోగం కాదు. ఎవరి పాపమూ కాదు. క్యాన్సర్ ముదిరిందనీ కాదు.

పొడి డబ్బాలో ఏముంది?

అక్షరాలు కలిస్తే మాట అవుతుంది. అట్లాగే అమైనో ఆమ్లాలు కలిస్తే మాంసకృత్తులు అవుతాయి. మన ఒంట్లో కండ, తోలు, నోటి పొర మాంసకృత్తులు లేనిదే పెరగవు. ఇందుకు పనికొచ్చే అమైనో ఆమ్లాలు 20 రకాలు. వాటిలో 9 రకాలు తిండి నుంచే రావాలి.

ఒక రకం పేరు గ్లూటమిన్. దీన్ని మామూలుగా మన ఒళ్లే తయారు చేసుకుంటుంది. పెద్ద జబ్బు చేసినప్పుడు చాలకపోవచ్చు. పుండు మానడానికి అది కావాలి. అందుకే దాన్ని పొడి చేసి అమ్ముతున్నారు. చాలా పరీక్షల్లో 10 గ్రాముల పొడిని నీళ్లలో కలిపి, రోజుకు 3 సార్లు ఇచ్చి చూశారు. నోట్లో పుక్కిలించి మింగాలి.

కొందరికి పుండ్లు తగ్గాయి. కొందరికి పెద్ద తేడా లేదు. 2020లో పలు దేశాల నిపుణులు కలిసి ఒక మాట చెప్పారు. నోటి, గొంతు క్యాన్సర్‌కు కరెంటు, కీమో రెండూ కలిపి ఇచ్చేటప్పుడు ఈ పొడి తాగించవచ్చు అన్నారు. జాగ్రత్తగా ఇవ్వాలి అని కూడా అన్నారు. ఎముక మజ్జ మార్పిడి చేసిన వారికి దీన్ని నరానికి ఎక్కిస్తే హాని కనబడింది. అందుకే అట్లా ఎక్కించవద్దన్నారు.

కాబట్టి పక్కింటామెకు రాసిన డబ్బా మనం కొనకూడదు. కిడ్నీ జబ్బు, కాలేయం జబ్బు ఉన్నవారికి ఇది మంచిది కాకపోవచ్చు. కొన్ని పొడుల్లో చక్కెర కలుపుతారు. షుగర్ ఉన్నవారు చూసుకోవాలి. డాక్టరును అడగాలి. రాసిస్తేనే కొనాలి. కొనేటప్పుడు డబ్బా మీది అంకెలు చదవాలి. ధర ఎంత, ఎన్ని గ్రాములు, ఏ తేదీ దాకా పనిచేస్తుంది చూడాలి.

ఇంట్లో ఏం చేయాలి?

పొడి ఉన్నా లేకున్నా ఈ పనులు చేయాలి.

కాచి చల్లార్చిన నీళ్లు ఒక లీటరు తీసుకోండి. ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా తినే సోడా కలపండి. రోజుకు 4 నుంచి 6 సార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. మింగవద్దు. ఏ రోజుకారోజు కొత్తగా కలపాలి.

వేపపుల్ల, బొగ్గు, ఉప్పుతో పళ్లు తోమవద్దు. మెత్తని బ్రష్షు వాడాలి.

కారం, చింతపండు పులుసు, పచ్చళ్లు, వేడివేడి అన్నం కొన్నాళ్లు ఆపాలి. పొగాకు, జర్దా, గుట్కా, కల్లు, సారా అసలే వద్దు. పుండును అవి ఇంకా రేపుతాయి.

మెత్తగా, చల్లగా పెట్టాలి. చల్లారిన జావ, పెరుగు కలిపి మెత్తగా పిసికిన అన్నం, కారం వేయని పెసరపప్పు, పాలు, మెత్తగా ఉడికిన గుడ్డు పెట్టాలి. ఒక గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఒక గ్లాసు పాలలోనూ ఇంచుమించు అంతే. గుడ్డు, పాలు, పప్పుల్లో గ్లూటమిన్ కూడా ఉంది. ఒకేసారి తినలేకపోతే కొంచెం కొంచెం ఆరేడు సార్లు పెట్టాలి.

నొప్పిని ఓర్చుకోవద్దు. నొప్పి తగ్గే మందులు, పుక్కిలించే మందులు ఉన్నాయి. తినే ముందు వాడితే ముద్ద దిగుతుంది. డాక్టరును అడగాలి.

ఎప్పుడు దవాఖానకు పరుగెత్తాలి?

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఆగవద్దు. కీమో మందు తీసుకునే వారికి రోగాన్ని ఆపే శక్తి తగ్గుతుంది. నోటి పుండు నుంచి క్రిములు రక్తంలోకి పోతాయి. ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో థర్మామీటరు ఉంచుకోవాలి. చూడడం నేర్చుకోవాలి.

నీళ్లు కూడా దిగకున్నా, నోట్లో రక్తం ఆగకున్నా, ఊపిరి ఆడకున్నా వెంటనే పోవాలి. 108కి ఫోను చేయాలి. నోట్లో తెల్లని మచ్చలు లేస్తే డాక్టరుకు చూపాలి.

అత్త పోవాలా, వద్దా?

పోవాలి. కరెంటు మధ్యలో ఆపితే క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. అన్నాళ్లు పడ్డ బాధ వృథా అవుతుంది. పుండ్లు మరీ ఎక్కువైతే ఏం చేయాలో డాక్టరు చెబుతారు. ఇంట్లో కూర్చుని మనం నిర్ణయించకూడదు.

కోడలు ఉప్పు, సోడా నీళ్లు కలిపింది. అత్త పుక్కిలించింది. చల్లని జావ సగం గ్లాసు తాగింది. థర్మామీటరు పెడితే 98.6 ఉంది. జ్వరం లేదు. కోడలు ఒక కాగితం మీద మూడు మాటలు రాసుకుంది: నొప్పి మందు, పొడి, తిండి. డాక్టరును ఈ మూడూ అడగాలి.

"సోమవారం నేను గూడ వస్త అత్తమ్మా. తొర్రూరుల బస్సెక్కుదాం" అంది.

అత్త కాగితం దిక్కు చూసింది. "దాన్ల నా పేరు గూడ రాయి బిడ్డా" అంది.