కమీషన్ సున్నా... మరి పట్టీ చూశారా?

గుంటూరు మిర్చియార్డులో సరుకు అమ్మిన రైతు, పట్టీలో కమీషన్, హమాలీ ఎంత కోశారో చూసుకోనిదే కదలడు. అదే రైతు కొడుకు ఫోన్లో షేర్లు కొని కాంట్రాక్ట్ నోట్ తెరిచైనా చూడడు. అదీ పట్టీయే కదా!

ఆన్‌లైన్ బ్రోకర్లు కొందరు డెలివరీకి కమీషన్ తీసుకోరు, నిజమే. అయినా లక్ష రూపాయల షేర్లు కొంటే ఎస్‌టీటీ 100, స్టాంపు డ్యూటీ 15 రూపాయలు తప్పవు. అమ్మితే మళ్లీ వంద, పైన డీపీ ఛార్జీ. డీమ్యాట్ ఖాతా ఒక్కటే ఉండి, షేర్ల విలువ 4 లక్షలు దాటకపోతే బేసిక్ ఖాతా అడగాలి. 2024 సెప్టెంబరు నుంచి దానికి వార్షిక రుసుము లేదు. ఆప్షన్ల జోలికి మాత్రం వెళ్లకపోవడమే మేలు. 2022-24 ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్‌అండ్‌ఓ ఆడిన వ్యక్తుల్లో వందకి 93 మంది నష్టపోయారని సెబీయే లెక్క తేల్చింది.

ఖర్చు సరే, సరుకు భద్రమేనా? హైదరాబాద్‌లోని కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిన సంగతి 2019లో బయటపడింది. కోల్డ్ స్టోరేజీలో దాచుకున్న టిక్కీల్ని రైతుకి చెప్పకుండా కుదువపెట్టినట్టన్నమాట! ఖాతాదారులిచ్చిన పవరాఫ్ అటార్నీయే అందుకు దారి. 2020 సెప్టెంబరు నుంచి షేర్లు తనఖా పెట్టాలంటే ఖాతాదారు ఓటీపీ కావాలి. సీడీఎస్‌ఎల్, ఎన్‌ఎస్‌డీఎల్ పంపే స్టేట్‌మెంట్‌తో యాప్‌లోని లెక్క సరిచూసుకోవడానికి అయిదు నిమిషాలు పట్టదు.